పాత కార్లలో వైరింగ్ మంటలు: కారణాలు, జాగ్రత్తలు

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి పాత కార్లలో వైర్లపై ఉండే పి.వి.సి. తొడుగు ఇంజను వేడికి ఏళ్ల తరబడి గట్టిపడి పగులుతుంది. కారు బాడీయే బ్యాటరీకి విద్యుత్తు తిరుగు మార్గం కావడంతో, బయటపడిన రాగి తీగ బాడీని తాకగానే షార్ట్ సర్క్యూట్ ఏర్పడుతుంది.

ఫ్యూజు తరచూ పోతోందని దాని స్థానంలో రాగి తీగ చుట్టడం అత్యంత ప్రమాదకరం. అప్పుడు ఫ్యూజుకు బదులు వైరే కాలుతుంది. బల్బుల మార్పిడి కూడా ఇటువంటిదే. 12 వోల్టుల వ్యవస్థలో 55 వాట్ల హెడ్‌లైట్లు రెండు సుమారు 9 ఆంపియర్లు తీసుకోగా, 100 వాట్లవి దాదాపు 17 ఆంపియర్లు తీసుకుంటాయి. రిలే, మందపాటి వైరు లేకుండా వాటిని అమర్చరాదు.

తాళం తీసినంత మాత్రాన ప్రమాదం తొలగదు. స్టార్టరు కేబులుకు సాధారణంగా ఫ్యూజు ఉండదు, అందులో వోల్టేజీ ఎల్లవేళలా ఉంటుంది. కాలిన వాసన వస్తే ప్రయాణికులను దించి, బ్యాటరీ ఎర్త్ కేబులును విడదీయాలి. మంట లేచిన పక్షంలో బానెట్ తెరవక, దూరంగా వెళ్లి 101కు ఫోన్ చేయాలి.