కడుపు వద్దన్న కాఫీ

చీపురుపల్లి రైలుస్టేషనులో తెల్లవారుజామున బండికొరకు నిరీక్షించువారిని గమనించినచో, చేతిలో కాఫీయో తేనీరో లేనివారు కొలదిమందియే కానవత్తురు. ఆ పరిమళము సోకినంతనే నిద్రమత్తు సగము వదలుట అందరెరిగినదే. కాని ఆ గ్లాసు ఖాళీ చేసిన అరగంటకే గుండెలలో మంటయు, పులిత్రేన్పులును, కడుపులో త్రిప్పుటయు అనుభవించువారును మనలో గలరు. అట్టివారికి కాఫీ విడుచుట కష్టము, విడువకుండుట అంతకంటె కష్టము.

ఈ బాధకు కాఫీలోని పులుపే మూలమని పలువురు తలంతురు. నిజమునకు డికాక్షను నిమ్మరసముకంటె ఎంతో తక్కువ ఆమ్లగుణము కలది. అయితే అది జఠరమును పురికొల్పి ఆమ్లమును అధికముగా స్రవింపజేయును. కొందరిలో అన్ననాళము అడుగున తలుపువలె మూసియుండు కండరమును సడలించి, ఆ ఆమ్లమును పైకి ఎగదట్టనిచ్చును. 1819లో రూంగె యను జర్మను రసాయనవేత్త కాఫీగింజలనుండి కెఫీనును వేరుపరచినది మొదలు నేరమంతయు దానిపైననే మోపుట వాడుకయైనది గాని, కెఫీను తొలగించిన కాఫీ సైతము జఠరామ్లమును పెంచునని పరిశోధకులు కనుగొనిరి. కావున ఆ మార్గము అందరికిని ఊరట నీయదు. తేనీటిలో కెఫీను కాఫీలోని దానిలో ఇంచుమించు సగమే యైనను, పరగడుపున త్రాగినచో అదియు కొందరికి సరిపడదు.

మరి ఉదయమున వేడిగా గొంతు దిగవలసినదేమి? ఈ ప్రశ్నకు సమాధానము మన ఇంటి కుండలోనే యున్నది. ఇతర ప్రాంతములవారు రాగులనెడి ధాన్యమును ఉత్తరాంధ్రులు చోళ్లందురు. చోడిపిండిని రాత్రి నీట కలిపి పులియనిచ్చి, మరునాడు నూకలతో కాచిన చోడంబలి, ఉల్లిపాయ నంజుకొని పొలమునకు పోవు కూలివాని బలము. కాఫీ మర్యాదకు గుర్తుగా మారిన పిమ్మట, అతిథికి అంబలి పోయుట నామోషీ యనిపించిన కాలమొకటి గడచినది. విజయనగరములోని వ్యవసాయ పరిశోధనస్థానము మాత్రము ఈ ధాన్యమును చిన్నచూపు చూడలేదు. జిల్లాలో ప్రవహించు నది పేరుగల ‘చంపావతి’ యను చోడివంగడము ఆ క్షేత్రమున పుట్టినదే. నూరు గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు మించిన కాల్షియము గలదు. కెఫీను లేశమైనను లేదు.

అయితే సున్నితమైన కడుపుగలవారు ఒక్క భేదమును గుర్తింపవలెను. పులిసిన అంబలియు, దానితో పచ్చిమిరపకాయయు వారికి మంటనే మిగిల్పవచ్చును. రెండు చెంచాల చోడిపిండిని చన్నీట ఉండలు లేకుండ కలిపి, మరుగు నీటిలో పోసి, అయిదారు నిమిషములు కలియబెట్టుచు ఉడికించి, చిటికెడు ఉప్పో, కొంచెము బెల్లమో చేర్చిన తాజా జావ మేలు. గోరువెచ్చగా, మెల్లగా త్రాగవలెను.

కాఫీ చేదునే నాలుక కోరునేని వేయించిన గింజలను ఆశ్రయింపవచ్చును. 1895లో అమెరికాలో పోస్టు అను వ్యాపారి గోధుమ తవుడును, బెల్లపు పాకమువంటి మొలాసిసును వేయించి ‘పోస్టం’ అను పానీయమును అమ్మెను. మనమును చోళ్లను కడిగి, ఆరబెట్టి, నల్లబడునంతవరకు వేయించి, బరకగా విసరి, డికాక్షను తీసికొనవచ్చును. చికోరీ వేరు మనకు కొత్తది కాదు. కాఫీపొడి మిశ్రమములలో అది నూటికి 49 పాళ్లవరకు ఉండుటకు చట్టము అనుమతించుచున్నది. చికోరీలో కెఫీను లేదు గాని, అది కొందరికి కడుపుబ్బరము కలిగించును. ధనియాలు, జీలకర్ర మరిగించిన కషాయము సౌమ్యమైనది. అందులో శొంఠి వేసినచో చిటికెడు దాటరాదు. పాలు మంటను చల్లార్చునను నమ్మకము సగమే నిజము: తొలుత హాయి గొల్పినను, తరువాత అవియే ఆమ్లమును రేపును.

కాఫీని ఒక్కసారిగా మానినవారికి మరునాడే తలనొప్పియు, చిరాకును పట్టుకొనును. రోజునకు మూడు గ్లాసులు త్రాగువారు వారమునకొకటి చొప్పున తగ్గించుట వివేకము. కాఫీ మానినను మంట తగ్గకున్న, మలము నల్లబడిన, బరువు తరిగిన, వైద్యుని చూడక తప్పదు. జఠరవ్రణములకు పెక్కింట ఒక సూక్ష్మజీవి కారణమని నిరూపించిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి లభించినది. ఆ వ్రణమును జావ మాన్పదు, మందే మాన్పును.

2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ మనకు ఎగువనున్న తూర్పుకనుమలలో పండునది. అచ్చటి గిరిజన రైతులు కాఫీని అమ్ముకొనుటకు, చోళ్లను తమ కడుపునకు పండించుకొందురు. ఆ కొండలపై పుట్టిన రెండు పంటలలో దేనిని సంతకు, దేనిని పొయ్యిమీదికి పంపవలెనో వారెన్నడో ఎరిగినదే. మన కడుపు నేడు మంటతో చెప్పుచున్నదియు ఆ మాటయే.