రైలు దాటిన హద్దు, దాటని ఫైలు

న్యూఢిల్లీ: నడుస్తున్న రైలులో ఒక రాష్ట్రంలో సామాను పోగొట్టుకున్న ప్రయాణికుడు మరో రాష్ట్రంలో దిగి ఫిర్యాదు చేస్తే ఆ కేసు ఎవరిది? కాగితాలు నేరం జరిగిన పరిధిలోని ఠాణాకు చేరేసరికి దొంగ జాడ మాసిపోవడం పోలీసులకు పాత అనుభవమే. రైల్వే రక్షణ దళం కేంద్రం అధీనంలో ఉండగా, ఇటువంటి నేరాల దర్యాప్తు రాష్ట్రాల రైల్వే పోలీసుల బాధ్యత కావడం చిక్కును మరింత పెంచింది.

2004లో ప్రవేశపెట్టిన కంప్యూటర్ విధానం ప్రధానంగా ఏ ఠాణా రికార్డులను ఆ ఠాణాకే పరిమితం చేసింది. ముంబయి ఛత్రపతి శివాజీ టెర్మినస్‌తో సహా పలుచోట్ల 2008 నవంబరులో ఉగ్రవాదులు దాడులు జరిపిన ఏడు నెలలకు, ఠాణాలన్నింటినీ అనుసంధానించే ‘సిసిటిఎన్‌ఎస్’ పథకాన్ని రూ. 2,000 కోట్ల వ్యయంతో కేంద్రం ఆమోదించింది. జాతీయ నేర రికార్డుల సంస్థ దీనిని పర్యవేక్షిస్తోంది.

పరిధితో నిమిత్తం లేకుండా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇచ్చే హక్కును 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చట్టబద్ధం చేసింది. కంప్యూటర్ ద్వారా పంపిన ఫిర్యాదుపై మూడు రోజులలోగా సంతకం చేయవలసి ఉంటుంది. సున్నితమైన కేసులు మినహా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటలలో వెబ్‌సైట్‌లో ఉంచాలని సుప్రీంకోర్టు 2016లోనే ఆదేశించింది.

అయితే ఠాణాలో నమోదు కాని ఫిర్యాదును ఏ సాఫ్ట్‌వేరూ వెదకలేదు. అలాగే, కోర్టు నిర్దోషిగా విడిచిపెట్టిన వ్యక్తి తీర్పు రికార్డులోకి ఎక్కకపోతే, పాస్‌పోర్టు విచారణలో పాత నిందే అతనికి ఎదురుకావచ్చు. పూర్వం ఒక ఠాణా బీరువాకే పరిమితమైన పొరపాటు నేడు దేశమంతటా కనిపిస్తుంది. అందువల్ల కేసును నమోదు చేయడంలో చూపే శ్రద్ధనే దానిని ముగించడంలోనూ చూపవలసి ఉంది.