పనికిరాదనిపించుకున్న 214 కోట్ల సంఖ్య

2147483647. మన లెక్కలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ముప్ఫై ఒక్క రెళ్లను వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఇది వస్తుంది. ఇలా పుట్టే ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. వాటిలో ఇది ఎనిమిదోది.

ఎన్ని రెళ్లో చెప్పే ఘాతం 31 కూడా మెర్సెన్ ప్రధాన సంఖ్యే. ఇలాంటి డబుల్ మెర్సెన్‌లు ఇప్పటికి నాలుగే తెలుసు: 7, 127, ఇది, ఆపైన 39 అంకెల మహాకాయం ఒకటి.

2147483647 ప్రధాన సంఖ్యేనని 1772లో తేల్చినవాడు గణితవేత్త ఆయిలర్, అప్పటికి ఆయన చూపు దాదాపు పోయింది. మామూలుగా అయితే 46340 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో, అంటే నాలుగు వేల పైచిలుకుతో, భాగించి చూడాలి. ఆయన దారి వేరు. దీనికి ప్రధాన భాజకం అంటూ ఉంటే దాన్ని 62తో భాగిస్తే 1, ఎనిమిదితో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగిలి తీరాలి. దాంతో పరీక్షించాల్సినవి నాలుగు వందల లోపుకి దిగిపోయాయి. ఉదాహరణకి 311 ఈ రెండు షరతులకూ సరిపోతుంది. భాగించి చూడండి, 35 మిగులుతుంది. అదీ కాదన్నమాట!

2147483647ను రెండు ఘాతం 30తో గుణిస్తే 2305843008139952128. తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ తానే వచ్చే పరిపూర్ణ సంఖ్య. ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యను బహుశా ఎవరూ కనిపెట్టరని 1811లో ఆంగ్ల గణితవేత్త పీటర్ బార్లో రాశాడు. ఇవి వింతలే తప్ప ఉపయోగం లేనివి, వాటికోసం ఎవరు కష్టపడతారని ఆయన వాదన. 1876లో ఫ్రెంచి గణితవేత్త ల్యూకా ఆ 39 అంకెల సంఖ్యను ప్రధాన సంఖ్యగా నిరూపించి, ఇంకా పెద్ద పరిపూర్ణ సంఖ్యకి దారి వేశాడు. 2024 నాటి రికార్డు ప్రధాన సంఖ్యలో 4 కోట్లకు పైగా అంకెలున్నాయి.

ఉపయోగం మాటకొస్తే, కంప్యూటర్ యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే ఓ పాత పద్ధతి దీనిమీదే నడుస్తుంది: చేతిలో ఉన్నదాన్ని 16807తో గుణించు, 2147483647తో భాగించు, శేషం ఉంచుకో. 1తో మొదలుపెడితే 16807, 282475249, 1622650073... 214 కోట్ల చిల్లర అడుగులు పడేదాకా ఒక్కటీ తిరిగి రాదు. భాజకం ప్రధాన సంఖ్య కాకపోతే ఈ హామీ ఉండదు.

32 బిట్లలో రుణ సంఖ్యలకూ చోటిచ్చి రాసే పూర్ణాంకాల్లో అతి పెద్దదీ ఇదే. ఇక్కడ మాత్రం ప్రధాన సంఖ్య కావడం కాకతాళీయం. 2014లో ‘గంగ్నమ్ స్టైల్’ పాట వీడియో వీక్షణలు దీన్ని దాటేలా ఉండటంతో యూట్యూబ్ లెక్కింపును 64 బిట్లకు మార్చింది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత 32 బిట్ల గడియారాలు 2038 జనవరి 19న మన ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఈ అంకెను చేరుకుంటాయి. మార్చకుండా వదిలేస్తే మరుసటి సెకనుకి చాలా వాటిల్లో తేదీ 1901కి ఎగిరిపోతుంది.

64 బిట్లలో దీని స్థానాన్ని తీసుకున్న 9223372036854775807కి మాత్రం ఈ దర్జా లేదు. ఏడుతోనే తెగిపోతుంది.