ఉబుంటు ఫ్రీజ్ అయితే పవర్ బటన్ పట్టుకోకండి, ముందు ఫోన్ తీయండి

ఫోన్ హ్యాంగ్ అయితే ఏం చేస్తాం? పవర్ బటన్ నొక్కి పట్టుకుంటాం. అదే అలవాటు ల్యాప్‌టాప్ మీద చూపిస్తే, సేవ్ చేయని ప్రాజెక్ట్ రిపోర్ట్ గోవిందా. ఉబుంటులో స్క్రీన్ కదలట్లేదంటే మెషీన్ మొత్తం ఆగిపోయిందని కాదు. చాలాసార్లు పైన కనిపించే డెస్క్‌టాప్ ఒక్కటే ఇరుక్కుంటుంది, కింద లినక్స్ కెర్నల్ నడుస్తూనే ఉంటుంది.

ముందు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి. నల్ల స్క్రీన్ మీద లాగిన్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ కనిపించదు, కంగారు పడొద్దు. లోపలికి వెళ్లాక 'టాప్' అని చిన్న అక్షరాల్లో కొట్టి, తర్వాత పెద్ద ఎమ్ నొక్కండి. ర్యామ్ ఎక్కువ తింటున్నవాళ్లు పైకొస్తారు. 4 జీబీ, 8 జీబీ మెషీన్లలో దొంగ ఎక్కువగా బ్రౌజరే! ఫైర్‌ఫాక్స్ అయితే 'ఐసోలేటెడ్ వెబ్ కో' అని తెగిన పేరుతో కనిపిస్తుంది. మొదటి కాలమ్‌లో ఉన్న నంబర్ గుర్తుపెట్టుకోండి, క్యూ నొక్కి బయటికొచ్చి, 'కిల్' అని, స్పేస్ ఇచ్చి, ఆ నంబర్ కొట్టండి. ఆ ట్యాబ్ పోతుంది, మీ రిపోర్ట్ ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కితే మళ్లీ డెస్క్‌టాప్‌కి వచ్చేస్తారు.

డెస్క్‌టాప్ షెల్లే బిగుసుకుపోతే ఆ నల్ల స్క్రీన్ కూడా రాకపోవచ్చు. ఫోన్ పనికొచ్చేది ఇక్కడే. ల్యాప్‌టాప్‌లో ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ముందే ఇన్‌స్టాల్ చేసి ఉంచుకోండి, ఉబుంటు డెస్క్‌టాప్‌లో అది మామూలుగా రాదు. రెండూ ఒకే వైఫైలో ఉంటే ఫోన్‌లోని టెర్మక్స్ నుంచి ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్‌కి లాగిన్ అయి, ఇందాకటి టాప్, కిల్ పనే చేయొచ్చు. హాస్టల్ వైఫై అయితే మాత్రం పాస్‌వర్డ్ గట్టిగా పెట్టుకోండి బాబూ.

అదీ కుదరలేదా? ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ రెండూ పట్టుకుని ఎస్, యూ, బీ వరసగా, మధ్యలో రెండు మూడు సెకన్లు ఆగుతూ నొక్కండి. ఎస్ అంటే మెమరీలో పెండింగ్ ఉన్న రాతల్ని డిస్క్‌కి పంపడం, యూ అంటే డిస్క్‌ని రాయడానికి వీల్లేకుండా మార్చడం, బీ అంటే రీబూట్. సేవ్ చేయనిది ఎలాగూ పోతుంది, కానీ ఫైల్ సిస్టమ్ పాడవ్వదు. నెట్‌లో ఆరు అక్షరాల ఫార్ములా చెబుతారు గానీ, ఉబుంటు డీఫాల్ట్ సెట్టింగ్ 176. దాంట్లో పనిచేసేవి ఈ మూడే.

రీబూట్ అయ్యాక వదిలేయకండి, రేపు మళ్లీ అదే జరుగుతుంది. టెర్మినల్‌లో 'జర్నల్‌సీటీఎల్', స్పేస్, హైఫన్ బీ, స్పేస్, హైఫన్ 1, స్పేస్, హైఫన్ ఈ కొడితే పోయినసారి చివర్లో ఏం జరిగిందో చూపిస్తుంది. 'అవుట్ ఆఫ్ మెమరీ' ఉంటే ర్యామ్ చాలట్లేదు, ట్యాబ్‌లు తగ్గించండి లేదా స్వాప్ పెంచండి. అదే గ్రాఫిక్స్ డ్రైవర్ ఎర్రర్లు కనిపిస్తే 'అడిషనల్ డ్రైవర్స్'లోకి వెళ్లి వేరే వెర్షన్ వేసి చూడండి.