భిన్న డెస్క్‌టాప్ డేటాబేసుల మధ్య సమాచార వినిమయం: చెరకు కర్మాగారం నమూనాగా ఒక వివరణ

వ్యాససంగ్రహం

ఒకే కార్యాలయంలోని విభాగాలు వేర్వేరు డేటాబేసులను వాడుతున్నప్పుడు సమాచారం ఒకదాని నుంచి మరొకదానికి ఎలా చేరుతుందో, ఆ దారిలో ఎక్కడ చెదురుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. బోధన్ చెరకు ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని, సాంకేతిక అనుసంధానానికి ముందే విభాగాల మధ్య ఒక అంగీకారం కుదరాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డేటాబేసు, ఫాక్స్‌ప్రో, ఓడీబీసీ, యూనికోడ్, చెరకు, బోధన్.

1. ప్రవేశిక

మంజీర నదిపై నిజాంసాగర్ నిర్మాణం పూర్తయ్యాక నిజామాబాద్ జిల్లాలో చెరకు సాగు విస్తరించింది. ఆ పంటను ఆధారం చేసుకొని 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమైంది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన ఆ సంస్థ 2015లో మూతపడింది. ఇక్కడి ఉదాహరణలు ఆ ఒక్క కర్మాగారానివి కావు. చక్కెర పరిశ్రమ సాధారణ పనితీరుపై ఆధారపడి కల్పించుకున్నవి.

చెరకు విభాగం రైతు పేరు, ఊరు, నాటిన విస్తీర్ణం నమోదు చేసి కోత పర్మిట్ ఇస్తుంది. కాంటా వద్ద బండి బరువు నమోదవుతుంది. ఖాతాల విభాగం ధర లెక్కగట్టి, బాకీలు మినహాయించి మిగిలిన సొమ్మును బ్యాంకుకు పంపుతుంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, చెరకు అందిన 14 రోజుల్లోగా ధర చెల్లించాలి. ఆలస్యమైతే ఏటా 15 శాతం వడ్డీ ఇవ్వాలి. కనుక మూడు విభాగాల లెక్కలు కలవకపోతే ఆ భారం చివరికి రైతుపైనే పడుతుంది.

2. భిన్నత్వానికి కారణం

కార్యాలయాల్లోకి కంప్యూటర్లు తరచుగా విభాగాల వారీగానే వచ్చాయి. ఒకచోట డీబేస్, మరొకచోట ఫాక్స్‌ప్రో, ఇంకొకచోట 1992లో వెలువడిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్ స్థిరపడ్డాయి. విజువల్ ఫాక్స్‌ప్రో చివరి ప్రధాన రూపం 2004లో వచ్చింది. దానికి తయారీదారు మద్దతు 2015లో ముగిసింది. అయినా పని జరుగుతున్న ప్రోగ్రామును ఏ కార్యాలయమూ తేలికగా వదులుకోదు. పాతవీ కొత్తవీ పక్కపక్కనే నడుస్తాయి.

3. వినిమయ మార్గాలు

మొదటిది ఎగుమతి, దిగుమతి. ఒక డేటాబేసులోని పట్టికను కామాలతో విడదీసిన పాఠ్య ఫైలుగా మార్చి, మరొకదానిలోకి తీసుకుంటారు. ఇది సులభం. కానీ ఆ ఫైలు తీసిన క్షణం నాటి ప్రతి మాత్రమే. మధ్యాహ్నం కాంటాలో జరిగిన సవరణ ఉదయం తీసిన ప్రతిలో ఉండదు.

రెండవది ఓడీబీసీ. 1992లో వచ్చిన ఈ ప్రమాణం ఆధారంగా ఒక ప్రోగ్రాము తగిన డ్రైవరు ద్వారా మరొక డేటాబేసులోని పట్టికను నేరుగా చదవగలదు. ఇక్కడ ప్రతి తీయనవసరం లేదు.

మూడవది, పట్టికలన్నింటినీ ఒకే సర్వరులో ఉంచి, విభాగాల తెరలను దానికి కలపడం. దీర్ఘకాలానికి ఇదే మేలు. ఖర్చు, శిక్షణ ఎక్కువ.

4. సమాచారం చెదిరే చోట్లు

అ) రైతు కోడు ‘00417’ అయితే, పాఠ్య ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిచినప్పుడు అది ‘417’గా మారుతుంది. ఆ తరువాత రెండు పట్టికలు కలవవు.

ఆ) డీబేస్ తరహా ఫైలులో తొలగించిన నమోదు వెంటనే పోదు, దానిపై గుర్తు మాత్రమే పడుతుంది. ఆ గుర్తును పట్టించుకోని ప్రోగ్రాము రద్దయిన పర్మిట్‌ను చెల్లుబాటయ్యేదిగా చూపుతుంది.

ఇ) పొడవైన వ్యాఖ్యలు వేరే మెమో ఫైలులో ఉంటాయి. ప్రధాన ఫైలును మాత్రమే నకలు చేస్తే అవి వెనుకనే మిగిలిపోతాయి.

ఈ) యూనికోడ్‌కు ముందటి తెలుగు ఫాంట్లలో అనేకం ఆంగ్లాక్షరాల సంకేతాలపైనే తెలుగు రూపాలను చూపేవి. ఆ ఫాంటు లేని యంత్రంలో రైతు పేరు అర్థంలేని అక్షరాల వరుస అవుతుంది. సంకేతాలను యూనికోడ్‌లోకి మార్చాకే బదిలీ చేయాలి.

5. ముందుగా కుదరవలసిన అంగీకారం

పై లోపాలను సాంకేతికంగా సరిదిద్దవచ్చు. అంతకన్నా లోతైన చిక్కు గుర్తింపుది. ఈ ప్రాంతంలో గంగారాం, సాయిలు వంటి పేర్లు ఊరూరా వినిపిస్తాయి. ఒక విభాగం ‘గంగారాం’ అనీ, మరొకటి ‘గంగా రాం’ అనీ రాస్తే యంత్రానికి వారు ఇద్దరు. ఇద్దరు గంగారాంలను పేరుతోనే కలిపితే ఒకరి సొమ్ము మరొకరి ఖాతాలో పడవచ్చు. అందువల్ల పేరు ఆధారంగా కాక, మార్పులేని రైతు కోడు ఆధారంగానే పట్టికలను కలపాలి. ఆ కోడును ఒక్క చెరకు విభాగమే కేటాయించాలి. బరువును కాంటా మాత్రమే సవరించాలి. మిగిలినవారు చదవాలి తప్ప మార్చకూడదు. ప్రతి బదిలీ తరువాత బండ్ల సంఖ్య, మొత్తం బరువు రెండు వైపులా సరిపోయాయో చూడాలి.

6. ముగింపు

డేటాబేసుల అనుసంధానం యంత్రాల మధ్య కన్నా ముందు విభాగాల మధ్య జరగాలి. ఏ సమాచారానికి ఎవరు బాధ్యులో తేలినప్పుడు సాధారణ పాఠ్య ఫైలు కూడా సరిపోతుంది. తేలనప్పుడు ఖరీదైన సర్వరు సైతం తప్పులనే వేగంగా చేరవేస్తుంది. కర్మాగారం ఆగినా రైతు బకాయి, కార్మికుని సేవాకాలం రుజువు చేయవలసిన అవసరం ఆగదు. అందుకే ప్రతి సీజను చివర, ప్రోగ్రాముతో నిమిత్తం లేకుండా చదవగలిగే యూనికోడ్ పాఠ్య ప్రతిని, కోడుల వివరణతో సహా భద్రపరచాలి.