వీరుడికి వంశం కావాలా? – 'ది లాస్ట్ జెడై'పై అభిమానుల వివాదం

వ్యాపార సినిమాల గురించి అభిమానులు పడే తగాదాలను సాహిత్య విమర్శ సాధారణంగా పట్టించుకోదు. అవి కాలక్షేపపు కబుర్లనీ, వాటినుంచి సాహిత్య విద్యార్థి నేర్చుకోదగిందేమీ లేదనీ మనలో ఒక చిన్నచూపు ఉంది. ఇది సరైన వైఖరి కాదు. కోట్లాదిమంది ఊహాలోకాన్ని ఆక్రమించుకున్న కథను 'సరుకు' అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే, ఆ సరుకు ఎందుకు అమ్ముడుపోతున్నదో, కొన్నవాళ్లు అందులో ఏం వెతుక్కుంటున్నారో మనకెప్పటికీ అర్థం కాదు.

2017 డిసెంబరులో విడుదలైన అమెరికన్ సినిమా 'ది లాస్ట్ జెడై' ఇందుకు మంచి ఉదాహరణ. 'స్టార్ వార్స్' అనే అంతరిక్ష గాథాపరంపరలో ఇది ఎనిమిదో భాగం. రచన, దర్శకత్వం రెండూ రయన్ జాన్సన్‌వే. పత్రికా విమర్శకుల్లో ఎక్కువమంది మెచ్చుకున్నారు. అభిమానులు మాత్రం రెండు శిబిరాలుగా చీలిపోయారు. ఈ గాథను కొత్త దారి పట్టించిన సినిమా ఇదేనని కొందరు, గాథను సర్వనాశనం చేసింది ఇదేనని కొందరు. ఏళ్లు గడిచినా ఆ వాదన చల్లారలేదు. అందులో ఏ అభ్యంతరం శిల్పానికి సంబంధించినది, ఏది దృక్పథానికి సంబంధించినది, ఏది ఉత్త ద్వేషం అన్నది విడదీసి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

వివాదం మూలం తెలియాలంటే మొదటి సినిమా దగ్గరికి వెళ్లాలి. 1977లో జార్జ్ లూకాస్ తీసిన 'స్టార్ వార్స్'లో నాయకుడు ల్యూక్ స్కైవాకర్ ఎడారి గ్రహంలో పెదనాన్న ఇంట పెరిగిన రైతుకుర్రాడు. విశ్వాన్నంతా అణచిపెట్టిన సామ్రాజ్యం మీద పిడికెడుమంది తిరగబడితే వాళ్లలో కలుస్తాడు. ప్రాణికోటినంతా కలిపి ఉంచే 'ఫోర్స్' అనే శక్తిని నమ్ముకుంటాడు. అతని తండ్రి కూడా జెడై యోధుడేనని ఒక ముసలి యోధుడు చెబుతాడు గాని, సామ్రాజ్యాన్ని ఎదిరించే హక్కు ఆ పుట్టుకతో వచ్చినట్టు కథ ఎక్కడా చెప్పదు. ఈ కథను ఊహించే నాటికి తన మనసులో వియత్నాం యుద్ధం ఉందనీ, చిన్న జనం మహాసామ్రాజ్యాన్ని ఎదిరించడమే దాని వెనక భావమనీ లూకాస్ తర్వాతి కాలంలో పలుమార్లు చెప్పాడు.

1980లో వచ్చిన 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' ఈ కథను మలుపు తిప్పింది. సామ్రాజ్యపు కరకు సేనాని డార్త్ వేడరే ల్యూక్ తండ్రి అని అందులో తేలింది. అది నిజమా, అబద్ధమా అని తరువాతి భాగం వచ్చేదాకా ప్రేక్షకులు వాదించుకున్నారు. నాటకీయత దృష్ట్యా అది గొప్ప ఘట్టమే. కాని దాని ఫలితాన్ని కూడా గమనించాలి. 1983లో వచ్చిన మూడో భాగంలో తిరుగుబాటు నాయకురాలు లేయా ల్యూక్‌కు తోబుట్టువైంది. 1999లో వచ్చిన మరో భాగంలో ఫోర్స్ ఎవరిలో ఎంత ఉందో నెత్తురు పరీక్ష చేసి లెక్కపెట్టి చెప్పారు. ఇరవై రెండేళ్లలో జనం తిరుగుబాటు కథ కాస్తా ఒక కుటుంబం నెత్తుటి కథగా మారిపోయింది. వీరత్వం ఆచరణ నుంచి పుట్టేది కాదు, పుట్టుకతో వచ్చేది అయింది.

జాన్సన్ చెయ్యి చేసుకున్నది సరిగ్గా ఈ నెత్తుటి సూత్రం మీదే. 2015లో వచ్చిన ఏడో భాగంలో రే అనే అనాథ యువతి పరిచయమవుతుంది. ఆమె ఏ మహావీరుడి బిడ్డ అన్నది రెండేళ్లపాటు అభిమానులకు పెద్ద పొడుపుకథ. 'ది లాస్ట్ జెడై' దానికి ఇచ్చిన జవాబు: ఎవరి బిడ్డా కాదు. తాగుడుకు డబ్బు కోసం కన్నబిడ్డను అమ్ముకున్న అనామకులే ఆమె తల్లిదండ్రులు. ఏడో భాగం మహాశత్రువుగా నిలబెట్టిన స్నోక్ తన పూర్వకథ ఏమిటో చెప్పకుండానే నడిమధ్యలో చస్తాడు. వెతుక్కుంటూ వచ్చిన రే చేతులమీదుగా అందుకున్న కాంతిఖడ్గాన్ని ల్యూక్ భుజం మీదుగా వెనక్కి విసిరేస్తాడు. చిట్టచివరి దృశ్యంలో గుర్రపుశాలలాంటి చోట ఊడ్చే బానిస బాలుడు చీపురును తాకకుండానే చేతిలోకి రప్పించుకుంటాడు. శక్తి ఏ ఇంటి సొత్తూ కాదన్నదే దర్శకుడి ప్రతిపాదన.

మెచ్చుకున్నవాళ్లు ఎత్తిచూపే గుణాలు ఇవే. శిల్పం విషయంలోనూ వాళ్ల మాటలో బలముంది. ల్యూక్‌కూ మేనల్లుడు బెన్‌కూ మధ్య ఆ రాత్రి జరిగింది సినిమాలో మూడుసార్లు వస్తుంది. మొదట ల్యూక్ దాచి చెప్పినట్టు, తర్వాత బెన్ చూసినట్టు, ఆఖరున ల్యూక్ ఒప్పుకున్నట్టు. ఒకే సంఘటన చెప్పేవాడి స్థానాన్నిబట్టి ఎలా మారుతుందో చూపడానికి ఈ పద్ధతి బాగా పనికొచ్చింది. తెల్లని ఉప్పు పొర కింద ఎర్రమట్టి ఉన్న నేలమీద ఆఖరి పోరాటం జరుగుతుంది. అడుగు పడినచోటల్లా నేల నెత్తురోడినట్టుంటుంది. ల్యూక్ నడిచినచోట మాత్రం ఎరుపు తేలదు. అతను నిజంగా అక్కడ లేడన్న రహస్యం ప్రేక్షకుడి కళ్లముందే ఉంటుంది.

తిట్టినవాళ్ల మాటలను ఇంత శ్రద్ధగానూ వినాలి. వారి ప్రధాన అభ్యంతరం ల్యూక్ పాత్ర గురించి. 1983 సినిమాలో ల్యూక్, సామ్రాజ్యానికి సేనానిగా ఉన్న తండ్రిలో కూడా మంచి మిగిలే ఉందని నమ్మి ఖడ్గం పారేసినవాడు. అలాంటివాడు నిద్రపోతున్న మేనల్లుడి మీద ఖడ్గం తీస్తాడా? ఓడిపోయి ద్వీపంలో దాక్కుంటాడా? ల్యూక్‌గా నటించిన మార్క్ హామిల్ సైతం ఈ చిత్రణతో తనకు మౌలికంగా విభేదముందని చెప్పాడు. ఆ మాట బయటికి అన్నందుకు తర్వాత విచారించాడు. అదే 1983 సినిమాలో ల్యూక్ కోపం పట్టలేక తండ్రి చేయి నరికాకే ఖడ్గం పారేశాడనీ, క్షణికమైన ఆవేశం అతని స్వభావంలోనే ఉందనీ ఎదుటిపక్షం జవాబు. జవాబు సబబే, కాని సరిపోదు. పాత్ర మారకూడదని ఎవరూ అనరు. మారడానికి కారణమైన పరిస్థితులు ప్రేక్షకుడికి కనపడాలి. ముప్పై ఏళ్ల పరిణామం తెరవెనకే జరిగిపోయింది. మనకు దక్కింది దాని ఫలితం, కొన్ని జ్ఞాపకాల తునకలు. ఇది శిల్పలోపమే. ఇందులో సగం బాధ్యత ల్యూక్‌ను అజ్ఞాతంలోకి తోసి ఊరుకున్న ఏడో భాగానిది.

రెండో అభ్యంతరం సేనాధిపతి హోల్డో గురించి. శత్రువు వెంటాడుతుంటే ఆమె తన పథకాన్ని సైనికులకు చెప్పదు. కారణం కూడా చెప్పదు. దానివల్ల పో అనే వైమానికుడు తిరుగుబాటు లేవదీస్తాడు, అతని రహస్య ప్రయత్నం వికటించి వందలమంది చస్తారు. దూకుడును వీరత్వమనుకునే మగతనానికి ఇది పాఠమని సినిమాను మెచ్చుకున్నవాళ్లు అంటారు. పో దూకుడు తప్పే, సందేహం లేదు. అయితే ఆ తప్పును చూపడానికి దర్శకుడు ఎంచుకున్న మార్గం ఎలాంటిది? నాయకత్వానికి అంతా తెలుసు, కిందివాళ్లు నోరుమూసుకొని నమ్మితే చాలు! పుట్టుకతో వచ్చే పెద్దరికాన్ని తీసేసిన సినిమా పదవితో వచ్చే పెద్దరికాన్ని ప్రశ్నించకుండా వదిలేసింది. ప్రజల పోరాటాల కథలు రాసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మూడోది జూద నగరం ఘట్టం. ఫిన్, రోజ్ అనే ఇద్దరు సామాన్య సైనికులు ఒక పని మీద విలాసనగరానికి వెళతారు. అక్కడ జూదమాడే శ్రీమంతులు ఆయుధాల వ్యాపారులు. వాళ్లు అటు నియంతలకూ, ఇటు తిరుగుబాటుదారులకూ ఆయుధాలు అమ్ముతారు. నాలుగు దశాబ్దాల ఈ గాథలో 'యుద్ధం వల్ల ఎవరికి లాభం?' అన్న ప్రశ్న ఇంత సూటిగా రావడం అరుదు. కాని ప్రశ్న వేసిన సినిమా వెంటనే దాన్నుంచి తప్పుకుంటుంది. ఫిన్, రోజ్ పందెపు జంతువులను విడిపించి తృప్తిపడతారు. వాటిని మేపే బానిస పిల్లలు అక్కడే ఉండిపోతారు. ఈ ఘట్టం కథకు అతకలేదని అభిమానులు విసుక్కున్నారు. అతకకపోవడానికి అసలు కారణం నిడివి కాదు. అక్కడ లేచిన వర్గప్రశ్నకు ఈ గాథ చట్రంలో చోటు లేదు.

ఇంకో అభ్యంతరం వీటన్నిటికంటే లోతైనది. అది ఈ ఒక్క సినిమా మీద వచ్చేది కాదు. 1983లో సామ్రాజ్యం కూలింది కదా, మరి మళ్లీ అదే నియంతృత్వం, మళ్లీ అదే పిడికెడుమంది ఎలా వచ్చారు? గెలిచినవాళ్లు ఎలాంటి రాజ్యం కట్టారు? అది ఎందుకు కూలింది? ఏడో భాగం ఈ ప్రశ్నలను దాటవేసింది. ఎనిమిదోది ఆ దాటవేతనే వారసత్వంగా పుచ్చుకుంది. దీనికి జవాబు కథలో దొరకదు, వ్యాపారంలో దొరుకుతుంది. డిస్నీ కంపెనీ 2012లో లూకాస్ సంస్థను సుమారు 405 కోట్ల డాలర్లకు కొన్నది. 1977నాటి ఉత్సాహాన్ని తిరిగి అమ్మాలంటే 1977నాటి పరిస్థితి తిరిగి రావాలి. తిరుగుబాటు నిజంగా గెలిచిపోతే అమ్మడానికి సరుకుండదు.

ఇప్పటిదాకా చెప్పినవి వాదాలు. వాదాల ముసుగులో వచ్చిన మరొకటి ఉంది. రోజ్ పాత్ర వేసిన కెలీ మేరీ ట్రాన్ వియత్నాం నుంచి అమెరికా చేరిన శరణార్థి కుటుంబపు బిడ్డ. జాతినీ, స్త్రీత్వాన్నీ కించపరిచే దూషణలు ఆమె మీద వెల్లువెత్తాయి. 2018లో ఆమె సామాజిక మాధ్యమం నుంచి వైదొలగి, ఆ అనుభవాన్ని 'న్యూయార్క్ టైమ్స్'లో రాసింది. స్త్రీపాత్రలను వీలైనంత కత్తిరించి 152 నిమిషాల సినిమాను 46 నిమిషాలకు కుదించిన ప్రతి ఒకటి అదే ఏడాది బయటికొచ్చింది. వియత్నాం ప్రజల పోరాటం నుంచి స్ఫూర్తి పొందిన గాథలో ఒక వియత్నామీ అమ్మాయికి చోటివ్వకూడదన్న ఈ కూతను ఏ సౌందర్యశాస్త్రమూ సమర్థించదు.

విమర్శకుడు ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ద్వేషించేవాళ్లు శిల్పలోపాల చాటున దాక్కుంటారు. సినిమాను వెనకేసుకొచ్చేవాళ్లు శిల్పలోపం ఎత్తిచూపిన ప్రతివాడినీ ద్వేషి అంటారు. రెండూ విమర్శను చంపేవే. గుర్తుపట్టడానికి సులువైన గుర్తు ఒకటుంది. పాత్ర ఏం చేసింది, ఎందుకు చేసింది అని అడిగేది విమర్శ. ఆ పాత్ర అక్కడ ఎందుకుంది, ఆ ముఖం ఎందుకు కనపడింది అని అడిగేది ద్వేషం.

ఈ గొడవ తర్వాత 2019లో తొమ్మిదో భాగం వచ్చింది. అందులో రే అనామకుల బిడ్డ కాదట, పాత చక్రవర్తి మనుమరాలట! చివరికి ఆమె స్కైవాకర్ ఇంటిపేరు పెట్టుకుంటుంది. రోజ్ పాత్ర తెరమీద ఉన్నది నిమిషం పైచిలుకు. వసూళ్లు చూస్తే ఎనిమిదో భాగానికి సుమారు 133 కోట్ల డాలర్లు, తొమ్మిదోదానికి సుమారు 107 కోట్లు. లొంగిపోయి కూడా రెండు శిబిరాల్లో దేన్నీ పూర్తిగా మెప్పించలేకపోయారు. అభ్యంతరాలు ఇన్ని వచ్చాయి గదా, వాటిలో దేన్ని సవరించారు? గెలిచిన తిరుగుబాటు ఏమైందన్న ప్రశ్నకు జవాబివ్వలేదు. బానిస పిల్లలను విడిపించలేదు. సరిదిద్దింది ఒక్క వంశాన్నే.

మన భాషలో 'అభిమానం' అంటే ఇష్టమూ ఉంది, 'నాది' అన్న పట్టూ ఉంది. ఆ పట్టే ఈ తగాదాకు ప్రాణం. అయితే అభిమాని 'నాది' అనుకున్న కథ చట్టం ప్రకారం అతనిది కాదు. దశాబ్దాలుగా పాఠకులు చదువుకున్న స్టార్ వార్స్ నవలలను 2014లో కంపెనీ ఒక్క ప్రకటనతో అధికారిక కథ నుంచి తొలగించింది. 'ది లాస్ట్ జెడై'ని కూడా అలాగే తొలగించమని లక్షమందికి పైగా సంతకాలు పెట్టారు. నచ్చని కథకు విరుగుడుగా యజమానికి అర్జీ పెట్టుకోవడం!

తెలుగు రచయితలకు ఇక్కడ ఒక పోలిక స్ఫురించక మానదు. పురాణవీరుడిని, వంశాన్ని ప్రశ్నించిన రచనలు మనకూ ఉన్నాయి. త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబూక వధ', రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' వచ్చినప్పుడు భక్తులైన పాఠకుల ఆగ్రహం తక్కువేమీ కాదు. కాని ఆ రచయితలు ఎవరి అనుమతీ కోరలేదు. రామకథకు యజమాని లేడు. నచ్చనివాళ్లు జవాబు రాశారు, దానికి మళ్లీ జవాబు వచ్చింది. ఆ విధంగా ఒక సమాజం తన కథలతో తాను తలపడింది. కంపెనీ సొత్తయిన పురాణంలో ఈ తలపడడం చివరికి మార్కెట్ లెక్కగా తేలుతుంది.

అంతమాత్రాన వ్యాపారచట్రంలో మంచి రచన అసాధ్యమని యాంత్రికంగా తేల్చెయ్యకూడదు. అదే కంపెనీ నీడలో టోనీ గిల్రాయ్ రూపొందించగా 2022, 2025 సంవత్సరాల్లో రెండు విడతలుగా వచ్చిన 'ఆండోర్' ధారావాహికలో మహావీరుల వంశం నాయకత్వం వహించదు, ఫోర్స్ ఎవరినీ గట్టెక్కించదు. చెరసాలలో రోజుకింత పని అని వెట్టిచాకిరి చేసే ఖైదీలు, గుమాస్తాలు, దొంగలు, వృద్ధులు తిరుగుబాటుదారులుగా ఎలా మారతారో అంచెలంచెలుగా చూపారు. జాన్సన్ సినిమా ప్రకటించి వదిలేసిన మాటను ఆ ధారావాహిక పరిస్థితుల్లోంచి నిరూపించింది. 'వీరుడు ఎవరి బిడ్డా కాదు' అని పాత్రచేత చెప్పించడం ఒక ఎత్తు. ఎవరి బిడ్డా కానివాళ్లు ఏ ఒత్తిడికి, ఏ క్షణంలో, ఎవరెవరితో కలిసి లేచి నిలబడ్డారో చూపడం మరో ఎత్తు. మొదటిది చెయ్యడానికి సాహసం చాలు. రెండోదానికి జీవితపరిశీలన కావాలి. 'ది లాస్ట్ జెడై' బలమూ, లోపమూ ఈ రెంటి మధ్య ఉన్న దూరంలోనే ఉన్నాయి.