పాత మీటలకు కొత్త కొలువు

నలభై ఏళ్ల కిందట ఒక్క పని కోసమే తయారైన కీబోర్డులు మళ్లీ బల్లల మీదికి వస్తున్నాయి. వాటిని వెతికి తెచ్చి, బాగుచేసి, ఇవాళ్టి కంప్యూటర్లతో మాట్లాడిస్తున్నవాళ్ల లోకమిది.

ఎఫ్12తో ఆగిపోయే కీబోర్డులే చూసినవాళ్లకు ఐబీఎం వారి 122 మీటల టెర్మినల్ కీబోర్డు మొదటిసారి కనబడితే తికమక తప్పదు. పైన రెండు వరసల్లో ఎఫ్1 నుంచి ఎఫ్24 దాకా మీటలుంటాయి. ఎడమ చివర నిలువుగా మరో పది. వాటిలో కొన్నింటి మీద అటెన్షన్, సిస్టమ్ రిక్వెస్ట్, క్లియర్, ఇరేజ్ ఇన్‌పుట్ లాంటి పేర్లు కుదించి రాసి ఉంటాయి. ఎంటర్ కోసం చెయ్యి చాస్తే అది అక్కడ ఉండదు. కుడి వైపు కింద, ఇప్పుడు కంట్రోల్ ఉండే చోటికి వెళ్లి వెతుక్కోవాలి. చేత్తో ఎత్తితే లోపలున్న ఉక్కు రేకు బరువు మణికట్టుకు తెలుస్తుంది. సేకర్తలు దీనికి పెట్టుకున్న ముద్దుపేరు ‘బ్యాటిల్‌షిప్’. యుద్ధనౌక!

ఇది ఇళ్ల కోసం చేసిన వస్తువు కాదు. ఎక్కడో ఉన్న మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్‌తో, టెర్మినల్ అనే తెర ముందు కూర్చుని రోజంతా పనిచేసే గుమాస్తా కోసం చేసింది. ఐబీఎం 1971లో తెచ్చిన 3270 శ్రేణి టెర్మినళ్లలో టైపు చేసిన ప్రతి అక్షరం అప్పటికప్పుడు పెద్ద కంప్యూటర్‌కు చేరదు. ముందు తెర మీదికి గళ్లు గీసిన దరఖాస్తు లాంటిది వస్తుంది. ఖాతా నంబరు, పేరు, సొమ్ము అన్నీ నింపి ఎంటర్ నొక్కితే నింపినవన్నీ ఒక్కసారిగా వెళ్తాయి. గడిలో మిగిలిన భాగాన్ని చెరపడానికి ఒక మీట, రాసినవన్నీ తుడిచెయ్యడానికి ఇంకో మీట అవసరమైంది అందుకే. కింది వరసకు దిగడం వేరే పని, దరఖాస్తును పంపడం వేరే పని. కాబట్టి వాటికి రెండు వేర్వేరు మీటలు ఇచ్చారు. బ్యాంకులు, బీమా కంపెనీలు, విమానయాన సంస్థల్లో ఒక తరం ఉద్యోగుల వేళ్లకు ఈ అమరికే కంఠతా వచ్చింది.

పాత కీబోర్డుల మీద మోజు అనగానే చప్పుడూ రంగులూ గుర్తొస్తాయి గానీ, అసలు రుచి ఇక్కడుంది. ఒక పనికోసమే పుట్టిన కీబోర్డు మీద ఆ పని తీరంతా అచ్చయి ఉంటుంది.

బాణాలు గీసిన నాలుగు అక్షరాలు

లియర్ సీగ్లర్ కంపెనీ 1976లో అమ్మకానికి తెచ్చిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌కు విడిగా బాణం మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ అక్షరాల మీదే ఎడమ, కింద, పైన, కుడి బాణాలు గీశారు. ఎస్కేప్ మీట ఇప్పుడు ట్యాబ్ ఉండే చోట, కంట్రోల్ ఇప్పటి క్యాప్స్‌లాక్ చోట ఉండేవి. బర్క్‌లీలో బిల్ జాయ్ ‘వీఐ’ ఎడిటర్‌ను రాసింది ఈ టెర్మినల్ మీదే. అందుకే ఆ ఎడిటర్‌లో కర్సర్ కదిలేది ఆ నాలుగు అక్షరాలతోనే. టిల్డె గుర్తు, ‘హోమ్’ అన్న పేరు కూడా ఇందులో ఒకే మీట మీద ఉన్నాయి. యూనిక్స్‌లో హోమ్ డైరెక్టరీకి టిల్డె గుర్తు వచ్చింది అలాగే. హైదరాబాద్ మాదాపూర్‌లో ఇవాళ వీఐ వారసుడైన విమ్ తెరిచి జె, కె నొక్కుతున్న కుర్రాడి వేళ్లలో ఆ టెర్మినల్ ఇంకా బతికే ఉంది.

ఇంకో ముచ్చటైన ఉదాహరణ అమెరికాలోని ఎంఐటీలో లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష నడిపే యంత్రాల కోసం టామ్ నైట్ రూపొందించిన ‘స్పేస్ క్యాడెట్’. మామూలు కీబోర్డులో ఇంకో మీటతో కలిపి నొక్కేవి షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్. ఇందులో అలాంటివి ఏడు రకాలు: షిఫ్ట్, టాప్, ఫ్రంట్, కంట్రోల్, మెటా, సూపర్, హైపర్. గ్రీకు అక్షరాలు, గణిత చిహ్నాలు అన్నీ చేతి కిందే ఉండేవి. బొటనవేలు పైకెత్తిన బొమ్మతో ఒక మీట, కిందికి దించిన బొమ్మతో ఒక మీట కూడా ఉండేవి. నేటి ‘లైక్’ బొత్తానికి అప్పటికింకా తల్లీతండ్రీ కూడా పుట్టలేదు. ఆ యంత్రాలు ఎప్పుడో మూలపడ్డాయి గానీ మెటా, సూపర్, హైపర్ అన్న పేర్లు ఈమాక్స్ ఎడిటర్‌లోనూ లినక్స్‌లోనూ మిగిలిపోయాయి.

ఆ కీబోర్డుకు మీటలు చేసిచ్చింది ఇలినాయి రాష్ట్రం ఫ్రీపోర్ట్‌లోని మైక్రో స్విచ్. అది హనీవెల్‌లో ఒక విభాగం. వీటిలో లోహం లోహానికి తగలదు. మీట కిందికి దిగితే అందులోని చిన్న అయస్కాంతం సెన్సర్ పక్కకు వస్తుంది, సెన్సర్ దాన్ని పసిగడుతుంది. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన హాల్ ఎఫెక్టే దీనికి ఆధారం. ఆనించి అరగదీసేది ఏదీ లేనందున ఆ స్విచ్‌లు దశాబ్దాల తర్వాత కూడా పనిచేస్తున్నాయి. ఆటల కోసం ఇప్పుడు కొత్తగా అమ్ముతున్న ఖరీదైన కీబోర్డుల్లోకి అదే సూత్రం తిరిగొచ్చింది.

స్ప్రింగు మెలిక

ఐబీఎం కీబోర్డుల పేరు నిలబెట్టింది మాత్రం ఒక స్ప్రింగు. రిచర్డ్ హంటర్ హారిస్‌కు 1978లో దాని మీద పేటెంటు వచ్చింది. మీట నొక్కుతుంటే స్ప్రింగు కొంతదూరం నిటారుగా కుంచించుకుపోతుంది. ఒక దశలో ఇక ఓర్చుకోలేక పక్కకు ఒరుగుతుంది. ఒరగగానే అడుగున ఉన్న చిన్న పలక తూగి మీట పడ్డట్టు కంప్యూటర్‌కు చెబుతుంది. వేలికి తగిలే కుదుపు, చెవికి వినబడే టక్కు, తెర మీద పడే అక్షరం, మూడూ ఒకే క్షణంలో జరుగుతాయి. వీటి మీద ఒకసారి చెయ్యి కుదిరినవాళ్లు వేరేదాని మీద మనసు పెట్టలేకపోవడానికి కారణం చప్పుడు కాదు, ఈ ఏకకాలత.

1981లో ఐబీఎం పీసీతో వచ్చిన ‘మోడల్ ఎఫ్’లో ఆ పలక కెపాసిటెన్స్ మార్పు ద్వారా సంకేతం ఇస్తుంది. ఎన్ని మీటలు కలిపి నొక్కినా అన్నీ నమోదవుతాయి. ఖర్చు తగ్గించడానికి 1985లో ‘మోడల్ ఎం’ తెచ్చారు. స్ప్రింగు అదే, అడుగున మాత్రం ప్లాస్టిక్ పొరలు. రాయిలాంటి ఎఫ్ గొప్పదని కొందరు, విరివిగా దొరికే ఎం చాలని కొందరు. వేళ్లకు తెలిసే తేడాను బట్టి చూస్తే ఎఫ్‌దే పైచేయి. 1991లో ఐబీఎం నుంచి విడివడిన లెక్స్‌మార్క్ 1996లో కీబోర్డులు మానేస్తే, అక్కడ పనిచేసినవాళ్లే కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో యూనికాంప్ పెట్టి ఆ స్ప్రింగు కీబోర్డుల తయారీని కొనసాగించారు.

కోయకుండా మార్చడం

పాత కీబోర్డు కొనడం సగం పనే. దాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించడమే అసలు విద్య.

కీబోర్డు కంప్యూటర్‌కు అక్షరాలు పంపదు. ఫలానా మీట పడింది, ఫలానా మీట లేచింది అని అంకెలు పంపుతుంది. 1981 పీసీకి ఒక అంకెల పట్టిక, 1984 ఏటీకి ఇంకొకటి, టెర్మినళ్లకు మూడోది. పాత టెర్మినల్ కీబోర్డుల్లో కొన్నిటికి గుండ్రని అయిదు పిన్నుల ప్లగ్గు, కొన్నిటికి నెట్‌వర్క్ తీగకు ఉండేలాంటి చదరపు ప్లగ్గు ఉంటుంది. ఏదైనా లోపల అవసరమైన తీగలు నాలుగే: అయిదు వోల్టుల కరెంటు, గ్రౌండ్, క్లాక్, డేటా. వీటిని కొన్ని వందల రూపాయలకు దొరికే ఏటీమెగా32యూ4 చిప్పు బోర్డుకో, రాస్ప్‌బెర్రీ పై పికోకో కలుపుతారు. అందులో టీఎంకే, క్యూఎంకే లాంటి ఉచిత ఫర్మ్‌వేర్ వేస్తే అది పాత అంకెలు విని యూఎస్‌బీ భాషలో చెబుతుంది.

ఆ నడిమి బోర్డులోనే మీటల అర్థాన్నీ మార్చుకోవచ్చు. ఎఫ్13 నుంచి ఎఫ్24 దాకా యూఎస్‌బీ ప్రమాణంలోనే చోటుంది కాబట్టి పై వరస వృథా పోదు. విండోస్ మీట పుట్టకముందు చేసిన కీబోర్డుల్లో అది లేదు. చాలామంది క్యాప్స్‌లాక్‌ను ఆ పనికి పెడతారు. ఒక మీట పట్టుకున్నంతసేపు మిగతావన్నీ వేరే అర్థమిచ్చేలా పొరలు పేర్చుకోవచ్చు. ఎంటర్‌ను మనకు అలవాటైన చోటికి తెచ్చుకోవచ్చు. కొందరు దాన్ని పాత మూలలోనే ఉంచి, అలవాటునే మార్చుకుంటారు. అందులోని నిష్ఠ అర్థమవుతుంది గానీ, రోజూ వాడే వస్తువుకు అంత నిష్ఠ అక్కర్లేదు.

తెలుగు రాసేవాళ్లకు టెర్మినల్ కీబోర్డు ఎడమ చివరి ఆ పది మీటలు వరం. కీబోర్డు పంపేది అంకెలే కాబట్టి 1986 నాటి కీబోర్డుతో కూడా ఇవాళ తెలుగు నిక్షేపంగా రాయొచ్చు. విండోస్‌లోనో లినక్స్‌లోనో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఎంచుకుంటే చాలు. 1991లో భారత ప్రమాణంగా అచ్చయిన ఈ అమరికలో అచ్చులు ఎడమ చేతికి, హల్లులు ప్రధానంగా కుడి చేతికి వస్తాయి. ‘స్త్ర’ రాయాలంటే స, పొల్లు, త, పొల్లు, ర అని అయిదు సార్లు నొక్కాలి. ఆ అయిదింటినీ వరసగా పంపమని ‘క్లియర్’ మీటకో, ‘అటెన్షన్’ మీటకో చెబితే శాస్త్రం, వస్త్రం, స్త్రీ అన్న మాటలన్నిటిలో ఆ సంయుక్తాక్షరానికి ఒక్క నొక్కు చాలు. బీమా గుమాస్తా కోసం పుట్టిన మీటకు ఇంతకంటే మంచి ఉద్యోగం ఇంకేం కావాలి?

మన బల్లల మీద ఉన్నది

స్పేస్ క్యాడెట్ మన ఊళ్లలో దొరకదు. కానీ మనకూ ఒకటుంది. చెన్నైకి చెందిన టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ ‘గోల్డ్’ కీబోర్డు చాలా ఏళ్లపాటు జర్మనీ కంపెనీ చెర్రీ చేసిన నీలం స్విచ్‌లతో వచ్చింది. డీటీపీ సెంటర్లలో, టైపింగు షాపుల్లో, ప్రభుత్వ ఆఫీసుల్లో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు పక్కన టకటకలాడింది అదే. అందంగా ఉండదు, పెట్టె నాసిరకంగా అనిపిస్తుంది. కానీ మెకానికల్ కీబోర్డు అన్న మాట ఫ్యాషన్ కాకముందే వేలాది ఆపరేటర్ల చేతికి మంచి స్విచ్ అందించిన ఘనత దానిది. ‘అను’ తెలుగు ఫాంట్లతో పెళ్లిపత్రికలు, కరపత్రాలు కొట్టిన ఆపరేటర్లు కొందరు దాని మీటలకు తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించుకున్నారు. అలాంటి ఒక్క కీబోర్డునైనా ఏ సంగ్రహాలయమో భద్రపరచాలి. స్విచ్‌ల కోసం విప్పి పారేసే వస్తువు కాదది.

బాగుచేయడం గురించి రెండు మాటలు. మోడల్ ఎం పెట్టె విప్పడానికి సన్నని గోడల 5.5 మిల్లీమీటర్ల సాకెట్ కావాలి. లోపల ఉక్కు రేకును పట్టి ఉంచే ప్లాస్టిక్ రివెట్లు ఏళ్లు గడిచేసరికి పెళుసెక్కి తలలు రాలిపోతాయి. అక్కడ సన్నని రంధ్రాలు వేసి ఎం2 బోల్టులు బిగించడం అనుభవజ్ఞుల పని. మోడల్ ఎఫ్‌లో రివెట్లు ఉండవు గానీ మధ్యలోని ఫోమ్ పొర పొడిపొడిగా రాలుతుంది. అది మార్చాలి. మీటల తొడుగులను సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో కడగొచ్చు. పీబీటీ ప్లాస్టిక్ తొడుగులైతే అక్షరాలు ప్లాస్టిక్‌లోకే ఇంకి ఉంటాయి కాబట్టి అంత తేలిగ్గా చెరగవు. ఏబీఎస్ ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టించి ఎండలో పెడితే తెల్లబడుతుంది. కొన్నాళ్లకు మళ్లీ పసుపెక్కనూ వచ్చు.

ఈ అభిరుచికి ఒక చెడ్డ ముఖమూ ఉంది. అరుదైన పాత కీబోర్డుల తొడుగులు ఊడబెరికి విడిగా అమ్మేవాళ్లున్నారు. టెర్మినల్‌ను స్క్రాపుకు వేసి కీబోర్డును మాత్రం వేలానికి పెట్టేవాళ్లున్నారు. కీబోర్డు పోయిన టెర్మినల్ చాలావరకు పనికిరాకుండా పోతుంది, ఎందుకంటే దానికి సరిపోయేది ఆ రకం కీబోర్డే. లోపలి సర్క్యూట్ పీకేసి యూఎస్‌బీ బోర్డు అతికించడం కూడా ఇలాంటి నష్టమే. బయట కన్వర్టర్ పెట్టుకుంటే మార్పంతా ఆ చిన్న బోర్డులో ఉంటుంది, కీబోర్డు పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. రేపు ఎవరైనా దాన్ని పాత యంత్రానికే మళ్లీ తగిలించుకోవచ్చు. పద్ధతిగా సేకరించడమంటే ఇదే.

కాబట్టి ఆఫీసు స్టోర్‌రూమ్ ఖాళీ చేస్తున్నప్పుడో, మూతపడిన డీటీపీ సెంటర్ సామాను తూకానికి వేస్తున్నప్పుడో, హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో తిరుగుతున్నప్పుడో బరువైన పాత కీబోర్డు కనబడితే ఒక్క నిమిషం ఆగండి. తిరగేసి లేబుల్ చూడండి. ఐబీఎం వాటి మీద పార్టు నంబరు, తయారైన తేదీ ఉంటాయి. ఒక తొడుగు మెల్లగా పైకి లాగి చూడండి. కింద స్ప్రింగో, చెర్రీ స్విచ్‌లకుండే కూడిక గుర్తు ఆకారపు కాడో కనబడితే దాన్ని తూకానికి వెయ్యకండి. తీగ కత్తిరించకండి, తొడుగులు విడదీయకండి. పక్కనే టెర్మినల్ ఉంటే రెండూ కలిపే ఉంచి, వాడుకునే మనిషికి అప్పగించండి.